పడవలాయన నొప్పి

రూతుకు మొట్టమొదట వచ్చిన పరాయి నొప్పి వాళ్ళ నాన్న పంటిది.

కుడివైపు కింది వరసలో, చివరి నుంచి రెండో పన్ను. మణికట్టుకు నీడపట్టీ కట్టుకుని మీట నొక్కగానే, నిక్షేపంలాంటి తన పంటి కింద ఏదో పురుగు తొలుస్తున్నట్టు సలుపు మొదలైంది. ఎదురుగా రెండో పట్టీ కట్టుకుని కూర్చున్న డేవిడ్రాజు కూతురి మొహంలోకి ఆశగా చూశాడు.

"తెలుస్తోందామ్మా?"

"తెలుస్తోంది నాన్నా. ఇంత నొప్పి పెట్టుకుని పొద్దున్న కాజాలు ఎలా తిన్నావు?"

"ఆ పక్కతో తినలేదు. ఈ పక్కతో తిన్నాను."

డేవిడ్రాజు కాకినాడ ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఓడలోంచి ఓడలోకి ఎంత బరువైనా దించగలడు గానీ, పళ్ళ డాక్టరు కుర్చీలోకి తనను తాను దించుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. ఇన్నాళ్ళకు ఆ పిరికితనం కూతురి చదువుకు పనికొచ్చినందుకు ఆయనకు గర్వంగా ఉంది.

నీడపట్టీ సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందే. రెండు పట్టీలుంటాయి. ఒకటి కట్టుకున్నవాళ్ళ ఒంట్లో ఎక్కడ ఎలా నొప్పి పుడుతోందో, రెండోది కట్టుకున్నవాళ్ళ ఒంట్లో సరిగ్గా అక్కడే అదే తీరున కాస్త పల్చగా తెలుస్తుంది. విప్పేస్తే పోతుంది. దీన్ని కనిపెట్టింది ఉత్తరాన ఎక్కడో మంచుసముద్రం ఒడ్డునున్న వెస్త్రావిక్ అనే ఊళ్ళో. అక్కడి వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. డాక్టరు కావాలనుకునే వాళ్ళెవరైనా ముందుగా ఒక రోగి నొప్పిని తమ ఒంట్లో అనుభవించి, అదేమిటో ఆ రోగికి చెప్పాలి. మిగతా చదువంతా ఆ తర్వాతే.

విదేశీ విద్యార్థుల్లో ప్రతి ఏడూ కొందరినే తీసుకుంటారు. తీసుకున్న వాళ్ళ ఖర్చంతా విశ్వవిద్యాలయమే పెట్టుకుంటుంది. రూతు ఇక్కడి ప్రవేశపరీక్ష రెండుసార్లు రాసింది. రెండుసార్లూ సీటు వెంట్రుకవాసిలో తప్పింది. మూడోసారి అనే మాటను ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు. వెస్త్రావిక్‌కు మార్కులు పంపింది, ఇంగ్లీషు పరీక్ష నెగ్గింది, టీచర్ల సిఫార్సులు తెప్పించింది, నేను డాక్టరు ఎందుకు కావాలి అన్న వ్యాసాన్ని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి పంపింది. ఇక మిగిలింది రోగి పరీక్ష ఒక్కటే. సాధన కోసం అద్దెకు తెచ్చిన పట్టీల జతతో వీధి వీధంతా తిరిగింది. ఎదురింటి మామ్మ నడుము, ఆటో అప్పారావు మెడ, పాస్టరుగారి పార్శ్వపు నొప్పి, అన్నీ చవిచూసింది. ఒక్కో నొప్పిదీ ఒక్కో గుణం. రూతుకు భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వేసేది.

చేయి చాపనిది ఒక్క మార్తే. మార్త, అంటే రూతు తల్లి, పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. వార్డులో మంచం మంచానికీ వెళ్ళి "ఎలా ఉంది, ఎక్కడ నొప్పి" అని అడిగే మనిషి, ఇంటికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు గోడ పట్టుకుంటుంది.

"అమ్మా, నీ మోకాలు ఒక్కసారి ఇవ్వవే."

"నా మోకాలికేం? పర్లేదు, బానే ఉంది. నువ్వు అన్నానికి రా."

ఆ ఇంట్లో అదొక మర్యాద. డేవిడ్రాజు వేలు క్రేను గొలుసులో నలిగినప్పుడూ పర్లేదు. మార్తకు ఆపరేషన్ అయినప్పుడూ పర్లేదు. నొప్పి అని పైకి అన్నవాళ్ళు ఎదుటివాళ్ళను కంగారుపెట్టిన వాళ్ళవుతారు. రూతు నడక నేర్చుకుంటూ గడప మీద పడి లేచి, ఏడుపు దిగమింగుకుని "పల్లేదు" అందని ఇప్పటికీ చుట్టాలు మురిపెంగా చెప్పుకుంటారు.

రోగి పరీక్ష విశాఖపట్నంలో. వెస్త్రావిక్ వాళ్ళ ప్రయోగశాల బీచి రోడ్డు వెనక ఒక మేడ పై అంతస్తులో ఉంది. దాన్ని నడిపేది భాస్వతి అనే డాక్టరు. చూడ్డానికి చురుకైన మనిషే కానీ, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకునేది. రూతు చూడనట్టు నటించింది. భాస్వతి అది కనిపెట్టింది.

"అడగొచ్చు. నేనూ వెస్త్రావిక్‌లోనే చదివాను, మొదటి బ్యాచ్. ఈ చెవిలో ఓ ఏడేళ్ళ పిల్లాడి చెవిపోటు ఉంది. వాడికిప్పుడు పెళ్ళయిందట."

"విప్పేస్తే పోతుంది కదండీ?"

"అందరికీ పోతుంది. నూటికి ఏ ఒకరిద్దరికో నిలిచిపోతుంది. ఎందుకో ఇంకా తెలీదు. మా బ్యాచ్‌లో నాలాంటివాళ్ళు కొందరం. రోజుకో రోగి, రోజుకో నొప్పి. మిగతావాళ్ళు నొప్పులతో నిండిపోయారు. నేను చెవిపోటు దగ్గరే ఆగిపోయాను, అదృష్టవంతురాలిని." చెవి మీద నుంచి చెయ్యి తీసింది. "అందుకే ఇప్పుడు నిలిచేవాళ్ళకు ప్రవేశం లేదు. అద్దెపట్టీలు బలహీనం, వాటితో బయటపడదు. ఈ పట్టీతో బయటపడుతుంది. విప్పాక కాసేపు కూర్చోబెట్టి అడుగుతారు. ఉంటే ఉందని చెప్పు. దాన్ని కొలిచే యంత్రం లేదు, నీ మాటే."

మణికట్టుకు రెండో పట్టీతో, వెస్త్రావిక్ నుంచి రోగి తెర మీద కనిపించాడు. పేరు ఎమిల్. చెక్కపడవలు తయారుచేసి రిటైరైన ముసలాయన. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, బాగా ముందుకు వంగి కూర్చున్నాడు. పక్కన పరీక్షకురాలు ప్రొఫెసర్ హోల్మ్. ఎమిల్‌ది పాత నడుంనొప్పి అనీ, ఎన్నో ఏళ్ళుగా పరీక్షలకు స్వచ్ఛందంగా వస్తున్నాడనీ భాస్వతి చెప్పింది.

పట్టీ బిగుసుకుంది. రూతు నడుముకు పైన, వీపు మధ్యన, బాగా లోతున నొప్పి పుట్టింది. ఎదురింటి మామ్మ నడుంలాగా పట్టేసినట్టు లేదు. తొందరపడకుండా, ఆగకుండా, బర్మాతో చెక్కను తొలిచినట్టు వెనక్కి దిగుతోంది. రూతు కళ్ళు మూసుకుని కాసేపు దాని వెంటే వెళ్ళింది. తర్వాత ఇంగ్లీషులో ఆ ముసలాయనకు తనకు తెలిసిందంతా చెప్పింది. ఎక్కడుందో, ఎంత లోతో, దానికి ఎంత ఓపికో.

ఎమిల్ తలెత్తి చూశాడు. "ఓపిక. అవును, అదే మాట," అన్నాడు. ప్రొఫెసర్ హోల్మ్ ఏదో రాసుకుంది.

పట్టీ విప్పారు. కూర్చోబెట్టారు. భాస్వతి మంచినీళ్ళిచ్చింది. కాసేపటికి తెర మీద నుంచి ప్రొఫెసర్ ఎంతో ఆప్యాయంగా అడిగింది, ఎలా ఉన్నావు, ఏమైనా మిగిలిందా అని.

"లేదండీ. బాగానే ఉన్నాను," అంది రూతు.

మెట్లు దిగుతుంటే తెలిసింది, అది అలాగే ఉందని. కింద డేవిడ్రాజు ముంతమసాలా పొట్లాలతో ఎదురుచూస్తున్నాడు. రూతు మెట్ల మీదే నిలబడిపోయింది. అబద్ధం ఆడదామని ఆడలేదు. పరాయి మనిషి ఎలా ఉన్నావని అడిగితే ఆ నోటికి తెలిసిన జవాబు ఒక్కటే. బుర్ర ఇంకా లోపల వెతుక్కుంటుండగానే నోరు మర్యాద చేసేసింది.

"ఎలా చేశావమ్మా?" అన్నాడు నాన్న.

"పర్లేదు నాన్నా," అంది.

సీటు వచ్చింది. డేవిడ్రాజు క్రేను దిగి, ఓడరేవులో కనిపించినవాళ్ళందరి నోట్లో కాజా పెట్టి, ఆ ఊపులో వెళ్ళి పన్ను కూడా పీకించుకున్నాడు. మార్త మామూలుగానే డ్యూటీకి వెళ్ళింది. వార్డులో తోటి నర్సులకు చెబుతూ చెబుతూ ఏడ్చిందని తర్వాత తెలిసింది. పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో రూతు పేరు చెప్పి ప్రార్థన చేయిస్తామన్నారు.

ఇంత సంబరంలో రూతు ఒక్కతే వీపులో ఒక ముసలాయనను మోసుకుని తిరుగుతోంది. మొదట్లో రేపటికి పోతుందిలే అనుకుంది. పోలేదు. పోకపోయేసరికి భయమేసింది. భయం కూడా ఎంతసేపని ఉంటుంది, కొన్నాళ్ళకు దాని చోటు కుతూహలం ఆక్రమించింది. ఇంట్లో దిగిన అతిథిని కనిపెట్టినట్టు దాన్ని కనిపెట్టసాగింది. అన్నం తిన్నాక పెరుగుతోంది. వెల్లకిలా పడుకుంటే అస్సలు ఊరుకోవడం లేదు. బస్సు కుదుపుకు మాత్రం దానికి చీమ కుట్టినట్టయినా లేదు. నడుంనొప్పులెరిగిన పిల్ల కనుక అది వింతగా తోచింది. ఎదురింటి మామ్మకైతే ఆటో ఎక్కితే ప్రాణం పోయినంత పని.

ఆదివారం చర్చిలో అసలు సంగతి తెలిసింది. వాళ్ళ చర్చిలో బెంచీలు లేవు. అందరూ చాపల మీదే కూర్చుంటారు. ప్రార్థన వచ్చేసరికి మోకాళ్ళ మీద వంగి, నుదురు నేలకు ఆనించి ఉంటారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే అంత తేలిగ్గా వదలరు. ఆ రోజు రూతు పేరు మీద కనుక అసలే వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నడుములు పట్టేసి మూలుగుతున్నారు. రూతుకు మాత్రం వంగిన కాసేపటికి వీపులో ఆ బర్మా మెల్లగా ఆగింది. సీటు వచ్చాక మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆమేన్ అని అందరూ లేచాక లేచింది. మళ్ళీ మొదలైంది. తలొంచుకుని మళ్ళీ వంగింది. ఆగింది. పక్కనున్న ఆవిడ పిల్ల భక్తికి కళ్ళు తుడుచుకుంది.

నడుంనొప్పి అయితే వంగితే పెరగాలి. ఇది వంగితే తగ్గుతోంది. అంటే ఇది నడుముది కాదు. నడుముకు ముందు, కడుపుకు వెనక ఉన్నదేదో అక్కడికి నొప్పిని తోస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, తెర మీద ఎమిల్ కూర్చున్న తీరు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టి ముందుకు వంగి. జీవితమంతా పడవల మీద వంగి పనిచేసినవాడు, అలా కూర్చుంటే అలవాటనే అందరూ అనుకున్నారు. ఆయన కూడా అలాగే అనుకుని ఉంటాడు. ఎంతమంది విద్యార్థులు ఆ నొప్పిని తీసుకుని ఉంటారు? అందరూ కుర్చీలో కూర్చుని తీసుకుని, అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. దాంతో పడుకున్నవాళ్ళు, అన్నం తిన్నవాళ్ళు, ప్రార్థన చేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లికి అంతా చెప్పేసింది. మార్త గిన్నెలు సర్దడం ఆపింది.

"నొప్పి నిలిచిపోయిందని అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"నోటికి పర్లేదని వచ్చేసిందమ్మా."

ఆ మాట ఆ నోటికి ఎవరు నేర్పారో మార్తకు తెలుసు.

"ఇప్పుడు చెప్తే సీటు తీసేస్తారు కదా."

"తీసేస్తారు."

"అయితే చెప్పొద్దు." మార్త గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు కాస్త తగ్గించింది. "వాళ్ళ దేశంలో డాక్టర్లు లేరా? అంత పెద్ద ఆసుపత్రి పెట్టుకుని ఓ ముసలాయన ఒంట్లో ఏముందో చూసుకోలేరా? నువ్వు రెండేళ్ళు ఎలా చదివావో నేను చూశాను. నీ ఒక్కదానికే పట్టిందా?"

"నా ఒక్కదానికే తెలుసమ్మా."

"తెలుసని నువ్వనుకుంటున్నావు. నిజంగా నడుందేనేమో. పేపర్లు లేవు, స్కానింగు లేదు, ఒట్టి ఊహ."

రూతు ఇంకా తిరిగివ్వని అద్దెపట్టీలు తెచ్చింది. ఒకటి తాను కట్టుకుంది. రెండోది తల్లి ముందు పెట్టింది. ఎప్పుడూ చేయి చాపని మనిషి, ఇచ్చేది కాదు పుచ్చుకునేదే కదా అనుకుందో ఏమో, కట్టుకుంది.

మీట నొక్కారు. మార్త మొహంలో మొదట ఏమీ కదల్లేదు. తర్వాత చెయ్యి నెమ్మదిగా వీపు వెనక్కి పోయింది.

"వెల్లకిలా పడుకో అమ్మా."

మార్త చాప మీద పడుకుంది. పెదవి బిగబట్టింది.

"ఇప్పుడు లేచి ముందుకు వంగు."

వంగింది. నొప్పి దిగిపోయింది. మార్త అలాగే, నుదురు దాదాపు నేలకు తాకేలా చాలాసేపు ఉండిపోయింది. రోగులను చూసీ చూసీ అరిగిపోయిన మనిషికి, ఆ నొప్పి నడుందో కాదో చెప్పడానికి వేరే ఎవరూ అక్కర్లేదు. కానీ ఆమెను కదలకుండా చేసింది అది కాదు. ఇన్నాళ్ళుగా ఈ పిల్ల దీన్ని పెట్టుకునే అన్నం తింది, సంబరాలకు నవ్వింది, తన పక్కనే పడుకుంది. తాను నర్సు అయ్యుండి కనిపెట్టలేదు. పట్టీ విప్పి కూతురి చేతిలో పెట్టింది.

"చెప్పేయ్," అంది. "నాన్నతో నేను చెప్తాను."

మర్నాడు విశాఖలో, ప్రయోగశాలలో భాస్వతి అంతా విని అరచెయ్యి చెవి మీద పెట్టుకుంది.

"నువ్వు నాతో ఏమీ చెప్పలేదనుకుంటాను. కావాలంటే ఇప్పుడే లేచి వెళ్ళిపో. ఆ పెద్దాయనకు ఓసారి కడుపు స్కాన్ చేయండని నేనే మెయిల్ పెడతాను."

రూతుకు ప్రాణం లేచొచ్చింది. "పెడితే చేస్తారాండీ?"

"ఎందుకని అడుగుతారు. వంగితే తగ్గుతోందని నీకెలా తెలుసంటారు. నాకు ఊరికే అనిపించిందంటే, వరసలో పెడతారు. ఎప్పుడో పిలుస్తారు."

"మరి నాకు నిలిచిందని చెప్తే?"

"ఇవాళే చేస్తారు."

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. లంగరేసిన ఓడలు ఏవో ఉన్నాయి. రూతు ఓడల వంక చూస్తూ తన సీటు గురించి ఆలోచించింది. మంచు ఎలా ఉంటుందో చూడాలని ఎంత కోరికగా ఉండేదో తనకు ఇప్పుడే తెలిసింది. కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకుంది.

"కలపండి మేడమ్," అంది.

ప్రొఫెసర్ హోల్మ్ తెర మీదికి వచ్చింది. ఈసారి రూతు తొందరపడలేదు. అడిగినవాటికన్నిటికీ వెతుక్కుని వెతుక్కుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ రోజు తప్పు చెప్పానని కూడా చెప్పింది. ప్రొఫెసర్ అంతా రాసుకుంది. తర్వాత, "దీనివల్ల ఏమవుతుందో నీకు తెలుసు కదా," అంది.

"తెలుసండీ."

సీటు పోయింది. డేవిడ్రాజు మర్నాడు ఓడరేవుకు వెళ్ళి, అడిగినవాళ్ళందరికీ "మా అమ్మాయి ఒక మనిషిని బతికించబోతోంది, తర్వాత డాక్టరవుతుంది. వరస మారింది అంతే," అని చెప్పాడు. ఆయన అలా అన్నాడని విని రూతు అప్పుడు మాత్రం గట్టిగా ఏడ్చింది. ఆ ముసలాయన బతుకుతాడో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. పాత పుస్తకాలు అటక మీద నుంచి కిందికి దిగాయి. మూడోసారి అనే మాటను మార్తే పైకి అంది.

వెస్త్రావిక్ నుంచి చాలాకాలం కబురు లేదు. తర్వాత ఒక సాయంత్రం భాస్వతి వీడియో కాల్ కలిపింది. ఎమిల్ కనిపించాడు. సగమైపోయాడు. కానీ కుర్చీలో వెనక్కి ఆనుకుని, నిటారుగా కూర్చున్నాడు. రూతు ముందుగా చూసింది అదే.

"క్లోమం మీద గడ్డ. చిన్నదట, తీసేశారు," అన్నాడు ఆయన. "ఇంకొంచెం ఆలస్యమైతే తీసేవాళ్ళు కారట. నియమం గురించి ఇక్కడ పెద్ద గొడవ జరుగుతోంది. నిలిచేవాళ్ళను బయటికి పంపాలా, వాళ్ళకే ఇంకో పని పెట్టాలా అని ప్రొఫెసర్లంతా కొట్టుకుంటున్నారు. ఏం తేలుస్తారో నాకు తెలీదు." ఆగాడు. "నేను వేరే సంగతి అడగడానికి చేశాను. నాది పోయింది. నీది ఉందా?"

నోటికి వచ్చేసింది, చిన్నప్పటి నుంచి వచ్చే మాటే. రూతు దాన్ని అక్కడే ఆపి, లోపలికి చూసుకుంది.

"ఉందండీ," అంది. "నొప్పిగానే ఉంది. పడుకోలేకపోతున్నాను."

ఎమిల్ తలాడించాడు. అయ్యో అనలేదు, క్షమించమనీ అనలేదు.

"పాత నడుంనొప్పే అనుకుని ఒక చలికాలమంతా దాంతో గడిపాను. దాని పద్ధతులు ప్రపంచంలో మనిద్దరికే తెలుసు. ఎడమవైపుకు తిరుగు. మోకాళ్ళు పైకి ముడుచుకో. రెండు దిండ్లు తీసుకుని, ఒకటి గట్టిది, పొట్టకు అదుముకో. రాత్రి తిండి పొద్దుండగానే తిను. చేసి చూసి రేపు నాకు చెప్పు. ఎల్లుండి కూడా చెప్పు."

ఫోను పెట్టేశాక రూతు చాప పరిచి, ఎడమవైపుకు తిరిగి, దిండు అదుముకుని పడుకుంది. బర్మా ఆగలేదు కానీ కాస్త దూరం జరిగింది. గుమ్మంలో నిలబడి అంతా విన్న మార్త వచ్చి పక్కన కూర్చోబోయింది. కూర్చోవడానికి గోడ పట్టుకుంది. రూతు చూసింది. లేచి కూర్చుని, అలమరలోని పట్టీల కోసం చెయ్యి చాపింది.

మార్త ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అవి వద్దు. అద్దెవైనా సరే, నీ దగ్గర నిలిచిపోతే మళ్ళీ అదో తంటా." కాసేపు తన మోకాలి వంక, ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "నోటితో చెప్తాను. వింటావా?"

"చెప్పమ్మా."

"కుడిదాంట్లో, చిప్ప కింద. పొద్దున్న లేవగానే బిగుసుకుపోయి ఉంటది," అంది మార్త. "వార్డులో మెట్లెక్కేటప్పుడు సూది పెట్టి పొడిచినట్టు ఉంటది. నువ్వు ఏడో క్లాసులో ఉన్నప్పటి నుంచి."